శిలావన ఫలక వ్యాఖ్య

మూలము: "ఓ అతిథీ! ప్రకృతి స్వయముగా వెలసిన మా శిలావనమునకు స్వాగతము. రాళ్ళను తాకరాదు."
(హైదరాబాదు పడమటి కొసన, ఒక ఇంటి గేటు పక్కన, నల్లరాతిపై బంగారు అక్షరములు.)

ప్రతిపదార్థము: ఓ అతిథీ = సుగమము. ప్రకృతి = నర్సరీవాడు. స్వయముగా = క్రేనుతో. వెలసిన = దించబడిన. స్వాగతము = గేటుకు తాళమున్నది గనుక అలంకారమాత్రము.

టీక: "శిలావనము" తత్పురుషమా, ద్వంద్వమా యని శంక. శిలల యొక్క వనమన్నచో మొక్కలకు చోటు లేదు. శిలయు వనమును అన్నచో రెంటికిని పొత్తు లేదు. తోటను చూచితిమేని రెండవదే సాధువు. రాయిని మూడో వంతు మట్టిలో పాతి, వెడల్పు ముఖము కిందికి పెట్టి, కొంచెము వెనుకకు వాల్చినగాని వాననీరు వేళ్ళ వైపు జారదు. ఇచ్చట రాళ్ళు పచ్చికపై కట్టుడు పళ్ళవలె నిలిచినవి. నడుమ ఎడారి గులాబి, నాగజెముడు. వాటికి రెండు పూటలా పైపు నీళ్ళు. వాటి వేళ్ళు కుళ్ళుట యొక్కటే ఈ తోటలో స్వయముగా జరుగుచున్నది.

"రాళ్ళను": ఇది గహనము. మెదక్ సీమలోని కొల్చారమునకు చెందిన మల్లినాథసూరి, ఆధారము లేనిది వ్రాయననియు, అక్కర లేనిది చెప్పననియు నియమము పెట్టుకొనెను. మొదటిది నాకును సమ్మతము. రెండవది, గుండ్ల ప్రసంగమున, నా వల్ల కాదు. వినుడు: హైదరాబాదు గుండ్ల గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల ఏండ్లు. భూమి లోతున కరగిన ద్రవ్యము మెల్లగా చల్లారి గట్టిపడినది. పైపొరలు అరిగి బరువు తగ్గగా పగుళ్ళు విచ్చినవి. పగుళ్ళలో నీరు దిగి రాతిని మొరముగా మార్చినది. మూలలు ముందరిగి దిమ్మలు గుండ్లైనవి. మొరము వానలకు కొట్టుకొనిపోగా గుండుపై గుండు మిగిలినది. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలోని పుట్టగొడుగు రాయిని చూచినవారికి, ఎవరు పేర్చిరని అడుగబుద్ధియగును. ఎవ్వరును పేర్చలేదు. వెలయుట యనగా నది.

ఏదో చెప్పుచుంటిమి. ఆఁ, ఫలకము.

ఆక్షేపము: ఈ ప్లాటులోనూ ఒక గుండు ఉండేదండీ! సెల్లారు కోసం కంప్రెసర్ పెట్టి తొలిచి, పేల్చారు. మా కిటికీలన్నీ అదిరాయి. గుండు కంకరై లారీ ఎక్కింది. తర్వాత అదే గేటులోంచి పాలిష్ పట్టిన తెల్ల గులకరాళ్ళు బస్తాల్లో దిగాయి, కిలోల లెక్కన. వాటిని తాకకూడదట! చండీగఢ్‌లో రోడ్డు ఇన్‌స్పెక్టరు నేక్‌చంద్ 1957 నుంచి జనం పారేసిన పగిలిన పింగాణీ, గాజుగాజులు రహస్యంగా ఏరి తెచ్చి తోట కట్టాడు. 1976లో అది జనానికి తెరుచుకుంది. ఆయన పారేసింది ఏరాడు. వీరు ఉన్నది పారేశారు.

తాత్పర్యము: ఫలకకర్తనే అడుగవలెను. వారు అమెరికాలో ఉన్నారు.

విశేషము: ఇల్లు కట్టబోయే పాఠకులారా, మీ ప్లాటులో గుండు ఉంటే దాన్ని వదిలి ప్లాను గీయమని ఇంజినీరును గట్టిగా అడగండి. దాని మొదట్లో మొరం, ముతక ఇసుక, కాస్త ఎర్రమట్టి కలిపి పోసి నల్లేరు, రణపాల, కలబంద నాటండి. నీళ్ళు అరుదుగా చాలు. ఫలకం వద్దు. పిల్లలు ఎక్కితే ఎక్కనివ్వండి.