ధర్పల్లిలో దయ్యాల దావత్: పైసా తీయకుండా, చీపురు పట్టకుండా

అక్టోబర్ 31 రాగానే అమెరికాలో ఉన్న మనోళ్లు దయ్యాల వేషాలేసుకొని వాట్సాప్‌లో ఫొటోలు పెడతారు. మీరూ ఇంట్లో ఓ హాలోవీన్ దావత్ ఇచ్చి పేరు కొట్టేయండి. పద్ధతి ఇదీ.

1. దసరాకు బూజు దులపకండి. ఇంట్లోవాళ్లు కట్టెకు చీపురు కట్టగానే నడుం పట్టేసిందని పడుకోండి. డాలస్‌లో ఇదే బూజును పాకెట్లలో కొంటారు.

2. గుమ్మడికాయ కొనకండి. ఐర్లాండులో ముందు చెక్కింది టర్నిప్ దుంపను. అమెరికా పోయినవాళ్లకు అక్కడ గుమ్మడికాయ కనబడింది, దాన్నే చెక్కారు. ఏది దొరికితే అదే ఆచారమన్నమాట. మీ గుమ్మానికి దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయ ఈపాటికి కుళ్లి కారుతుంటుంది. ముట్టుకోకండి. వచ్చినవాళ్ల నెత్తిన ఒక చుక్క పడితే భయం దానంతటదే వస్తుంది.

3. పెద్దవాళ్లనే పిలవండి. పిల్లలకైతే చాక్లెట్లు కొనాలి. "అమెరికాల ఎవరి సీసా వాళ్లే తెచ్చుకుంటరు బావా" అనండి. ఇది నిజం కూడా, ఎప్పుడో ఒకసారి నిజం చెప్పినా నష్టం లేదు. కూర తెమ్మని ఒక్కరికి కాదు, ముగ్గురికి చెప్పండి, ఒకరికి తెలియకుండా ఒకరికి. మిగిలింది మీ ఫ్రిజ్‌లోకి పోతుంది.

4. ఎవరైనా ఖర్చులో వాటా అడిగితే పసుపును అడ్డం పెట్టండి. జూన్‌లో పెట్టిన పసుపు ఇంకా భూమిలోనే ఉంది. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తోలేసరికి ఫిబ్రవరో మార్చో అవుతుంది. "పసుపు అమ్మినంక ఇస్తనే" అంటే అయిదు నెలలు గడిచిపోతాయి. మార్చిలో ధర లేదనండి. జిల్లాలో ఈ మాటను కాదనేవాడు లేడు. 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది బరిలో నిలబడ్డారంటే, అందులో ఎక్కువమంది ధర కోసం, పసుపు బోర్డు కోసం నామినేషన్ వేసిన రైతులే. మీకు గుంట పొలం లేకపోయినా సాకు పనిచేస్తుంది. మరీ గొంతు మీద కూర్చుంటే బాండు పేపరు రాసివ్వండి. ఆ ఎన్నికల్లో ఒక అభ్యర్థి బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన మాట తీరడానికి 2025 సంక్రాంతి దాకా పట్టింది. మీ మూడు వేలకేం తొందర!

5. లైట్లు తీసేయండి. చీకట్లో ముక్కల లెక్క ఎవడికీ తెలియదు. అందరినీ చచ్చినవాళ్ల వేషంలో రమ్మనండి, పాత గొంగడి చాలు. తీరా అన్నం దగ్గర కూర్చున్నాక "చచ్చినోళ్లు తినరు, తింటే ఓడినట్టే" అని నియమం పెట్టండి. మీరు మాత్రం బతికున్నవాడి వేషం వేయండి.

6. అలంకరణకు నాలుగు కోసిన నిమ్మకాయలు, గుప్పెడు పసుపు, కుంకుమ సరిపోతాయి. గేటు ముందు చల్లండి. చేయి ఊపులో కొంత పక్కింటి గడప ముందు పడినా ఊడ్వకండి. తెల్లారి పక్కింటి పెద్దమ్మ వాడకట్టంతా వినబడేలా అరుస్తుంది. సంజాయిషీ ఇవ్వొద్దు. "హాలోవీన్" అని ఊరుకోండి. అదేదో మంత్రమేనని ఆమెకున్న కాస్త అనుమానమూ తీరిపోతుంది.

7. మధ్యాహ్నానికి కమిటీ పెద్దలు పిలుస్తారు. మన జిల్లా ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీ జరిమానాలు, వెలివేతల సంగతి మీకు చెప్పేదేముంది. చేతులు కట్టుకొని నిలబడండి. ఒక్క ముక్క కూడా కాదనకండి. మీ ఇంటి గడప ఎవరూ తొక్కొద్దని చాటింపు వేయిస్తే లోపల లోపల పండగ చేసుకోండి. వచ్చే దసరాకు చుట్టాలు రారు, వేటకూర తేనక్కర్లేదు, బూజు జోలికి పోనక్కర్లేదు. ఇంత లాభం ఏ దావత్‌లో ఉంది?

8. జరిమానా ఎప్పుడు కడతావని అడుగుతారు. జవాబు నాలుగో చిట్కాలో ఉంది.