నా కింద ఆ పెళ్లి పదిలంగానే ఉంది

హార్డ్ డిస్క్ మూత తీస్తే తళతళలాడే గుండ్రటి పళ్లెం కనిపిస్తుంది. దాని మీద పరుచుకున్న కార్బన్ పొరను నేను. నా మందం రెండు మూడు నానోమీటర్లు. మీ తల వెంట్రుక మందంలో పదివేలో వంతు కూడా ఉండను.

వజ్రం, గ్రాఫైట్ మా ఇంటివే. వాటిలో పరమాణువులకు ఒక వరస ఉంటుంది, నాలో లేదు. కొన్ని బంధాలు వజ్రం తరహావి, కొన్ని గ్రాఫైట్ తరహావి. నా గట్టితనం ఆ వజ్రపు బంధాల చలవే. 1971లో ఐసెన్‌బర్గ్, షాబో అనే ఇద్దరు అయాన్ల ధారతో ఇలాంటి పొరలు వేసి చూపించారు.

నా కింద కోబాల్ట్ మిశ్రలోహపు పొర ఉంటుంది. మీరు దాచుకున్నవన్నీ అందులోనే. గాలీ తేమా సోకితే అది తుప్పు పడుతుంది. పైనేమో, నిమిషానికి 7200 చుట్లు తిరిగే పళ్లేనికి కొద్ది నానోమీటర్ల ఎత్తులో, చదివి రాసే హెడ్ ఎగురుతుంటుంది. నేను మందమైతే హెడ్‌కి రాత దూరమవుతుంది, బిట్లను అంత దగ్గర దగ్గరగా రాయడం కుదరదు. అందుకే తరతరానికీ మమ్మల్ని పలచన చేస్తూ వచ్చారు. ఎంత పలచనైనా కాపలా మానలేదు. అది నా గర్వం.

నేను చేరింది ఒక ఫోటో స్టూడియోకి. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయినా మార్చలేదు. కరెంటు పోయిన ప్రతిసారీ, తిరుగుతున్న పళ్లేల ఊపు నుంచే కాస్త విద్యుత్తు పుట్టించుకుని హెడ్‌ను పక్కనున్న ర్యాంపు మీదికి లాగాల్సి వచ్చేది. పని జరుగుతుండగానే సీపీయూని ఈడ్చి పక్కకు జరిపేవారు. హెడ్ వచ్చి నన్ను రాసుకునేది. ఓర్చుకున్నాను.

ఒకరోజు వోల్టేజీ ఎగదన్ని సర్క్యూట్ బోర్డు కాలింది. "హార్డ్ డిస్క్ పోయింది" అని సొరుగులో పడేశారు. పోయింది బోర్డు మాత్రమే!

కొన్నాళ్లకు ఒకావిడ వచ్చింది.

"మా నాన్న పోయారండీ. నా పెళ్లి వీడియో ఉందా? ఆయన అందులో ఉన్నారు."

"లేదమ్మా, డిస్క్ పోయింది."

నా కిందే ఉంది. అప్పగింతల్లో ఆయన కళ్లు తుడుచుకోవడం కూడా ఉంది. డేటా రికవరీ చేసేవాళ్లకు ఇచ్చి ఉంటే ఆమెకు దక్కేది. ఆ మాట ఒక్కరూ అనలేదు. నాకు నోరు లేదు.

తర్వాత పాత సామాన్లతో కలిపి తూకానికి అమ్మేశారు. అయస్కాంతాల కోసం అక్కడ స్క్రూలు ఊడదీశారు. పళ్లెం నిండా వేలిముద్రలు, దుమ్ము. ఒక్కో దుమ్ముకణం హెడ్ ఎగిరే ఎత్తుకి వందల రెట్లు ఉంటుంది. ఇప్పుడు ఇలాగే తిప్పితే ఆ దుమ్మే నన్ను గీరేస్తుంది, నాతోపాటు కింద ఉన్న పెళ్లినీ.