సగం ఎలక్ట్రీషియన్: ఒక టెస్టర్ ఆత్మకథ

నేను టెస్టర్‌ను. చూపుకు చిన్న స్క్రూడ్రైవర్‌ను. ముందు ఉక్కు మొన, వెనక సుమారు పది లక్షల ఓముల నిరోధకం, ఆపైన నియాన్ దీపం, దాన్ని నొక్కిపట్టే స్ప్రింగు, చివర లోహపు టోపీ. నా ఒళ్ళంతా ఇంతే. నా దీపంలో ఉన్న వాయువును 1898లో లండన్‌లో రామ్సే, ట్రావర్స్ కనిపెట్టారు. మొన ఫేజు వైరుకు తగిలి, టోపీ మీద వేలు పడితే కరెంటు నాలోంచి, మనిషి ఒంట్లోంచి నేలకు పోతుంది. 230 వోల్టుల దగ్గర కూడా అది మిల్లీ ఆంపియరులో పావు వంతుకు మించదు. అందుకే పట్టుకున్నవాడికి చురుక్కుమనదు, నా దీపం మాత్రం ఎర్రగా వెలుగుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, శ్రీకాకుళం నుంచి గల్ఫ్ వెళ్ళే సామాన్లలో నా జాతివాళ్ళు చాలామందే సముద్రం దాటారు. నా బతుకు ఖఫ్జీలో గడుస్తోంది. హెల్పరుగానో, తాపీపనిలోనో, డ్రైవరుగానో నలభైకి చేరిన మనిషి ఎలక్ట్రీషియన్ అయిపోదామా అని ఆలోచన మొదలుపెట్టగానే ముందు కొనేది నన్నే. నేను జేబులోకి రాగానే సగం దూరం నడిచేసినట్టు అనిపిస్తుంది. ఆ సగం మీదే నాకు పేచీ. మధ్య వయసులో ఈ వృత్తిలోకి రావడం మంచి నిర్ణయమే, కానీ వస్తే పూర్తిగా రావాలి. సగం ఎలక్ట్రీషియన్‌గా ఆగిపోవడం జీతానికీ ప్రాణానికీ కూడా చేటు.

మారాలన్న కోరికను తప్పుపట్టలేను. ఖఫ్జీ సౌదీ తూర్పు ప్రాంతానికి ఉత్తరపు కొసన, కువైట్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు. జపాన్‌కు చెందిన అరేబియన్ ఆయిల్ కంపెనీ 1960లో ఇక్కడి సముద్రం అడుగున చమురు కనుక్కున్నాక ఊరు పెరిగింది. సౌదీ, కువైట్ కలిసి నడిపే ఆ క్షేత్రంలో 2014 అక్టోబరులో ఉత్పత్తి ఆగిపోయింది. 2019 డిసెంబరులో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరి, 2020లో గానీ మళ్ళీ మొదలుకాలేదు. చమురు బావి ఒక్కదాన్నే నమ్ముకున్న పనికి ఐదేళ్ళ విరామం చిన్నది కాదు. అదే కరెంటు పని చూడండి. చమురు ఆగినా ఈ ఎండకు ఏసీ ఆగదు, ఆస్పత్రి ఆగదు, ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంటు ఆగదు. పైగా సముద్రపు ఉప్పుగాలి, ఇసుక దుమ్ము కలిసి కనెక్షన్లను తినేస్తాయి కాబట్టి కొత్త కట్టడాలు లేని కాలంలోనూ మరమ్మతులు ఉంటాయి. ఒకే యజమాని చేతిలో ఉన్న పనికంటే ప్రతి గోడలోనూ ఉన్న పని నమ్మకమైనదన్న లెక్క సరైనదే.

లెక్క తప్పేది నా దగ్గర. నా వెలుగు చెప్పే సంగతి చాలా కొంచెం. మిట్టమధ్యాహ్నపు ఎండలో నా దీపం కంటికి ఆనదు. ఫైబర్ నిచ్చెన మీద, మందపాటి బూట్లతో నిలబడితే నేలకు దారి సన్నగిల్లి మసకబారుతాను. పక్క వైరు ప్రభావంతో, ఎక్కడా కలపని వైరు మీద కూడా ఒక్కోసారి వెలుగుతాను. అన్నిటికంటే ముఖ్యమైనది ఇళ్ళకు కరెంటిచ్చే పద్ధతి. మన ఊళ్ళో 230 వోల్టులంటే ఒక ఫేజు, ఒక న్యూట్రల్. ఫేజు తీస్తే వైరింగు చచ్చినట్టే. సౌదీలో పాత పద్ధతి 127/220 వోల్టులది. అందులో ఏసీకిచ్చే 220 వోల్టులు రెండు ఫేజుల మధ్య నుంచి వస్తాయి, అంటే రెండు వైర్లూ బతికే ఉంటాయి. ఒక్క పోలు స్విచ్చు కట్టేస్తే ఒక వైరు చస్తుంది, రెండోది ప్రాణం తీయడానికి సిద్ధంగా ఉంటుంది. 2010లో ప్రభుత్వం 230/400 వోల్టులకు మారాలని నిర్ణయించింది కాబట్టి పాత పద్ధతి ఒక భవనంలో, కొత్త పద్ధతి ఇంకో భవనంలో ఎదురుకావచ్చు. 'ఒక వైరు కరెంటు, ఒక వైరు న్యూట్రల్' అని చిన్నప్పటినుంచి తెలిసిన జ్ఞానం ఇక్కడ అజ్ఞానం కంటే ప్రమాదం. ఏమీ తెలియనివాడు బోర్డు ముట్టుకోడు. సగం తెలిసినవాడు ధైర్యంగా చెయ్యి పెడతాడు.

రంగుల సంగతీ అంతే. మనవాళ్ళకు అలవాటైన ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులు, నలుపు న్యూట్రల్. అంతర్జాతీయ పద్ధతిలో నీలం న్యూట్రల్, నలుపు ఒక ఫేజు. అమెరికా పద్ధతి అనుసరించే చమురు సంస్థల్లో తెలుపు న్యూట్రల్. మన కంటికి నమ్మకమైన నలుపు వైరు ఇక్కడ ఫేజు కావచ్చు. ఇక్కడి కరెంటు 60 హెర్ట్‌జ్‌ది, మనది 50. కాబట్టి అదే మోటారు ఇక్కడ ఐదో వంతు వేగం ఎక్కువగా తిరుగుతుంది, దానికి తగిలించిన పంపు వల్ల మోటారు మీద పడే భారం అంతకు మించి పెరుగుతుంది. ఇక సౌరశక్తి. ఖఫ్జీలో రోజుకు 60,000 ఘనపు మీటర్ల మంచినీటి కోసం సౌర విద్యుత్తు తోడుగా ప్లాంటు కట్టారు. సౌర పలకల నుంచి వచ్చేది డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. వందల వోల్టులున్న ఆ వైరు మీద నేను వెలుగుతానన్న భరోసా లేదు. ఎండ ఉన్నంతసేపు ఎంసీబీ దించినా పలక వైపు వైర్లలో వోల్టేజీ పోదు, డీసీ నిప్పురవ్వ ఏసీ కరెంటు రవ్వలా సులువుగా ఆరదు. సరఫరా తెంచి తాళం వేయడం, రెండు మొనల మీటరును కరెంటుందని తెలిసిన లైను మీద సరిచూసుకోవడం, పని చేయాల్సిన చోట కొలవడం, మళ్ళీ తెలిసిన లైను మీద సరిచూడటం: ఎలక్ట్రీషియన్ అంటే ఈ క్రమం. నేను అందులో ఎక్కడా లేను.

దీనికి ఎదురయ్యే మొదటి మాట: 'పెద్ద మేస్త్రీలంతా ఏ బడికి వెళ్ళారు? పక్కన హెల్పరుగా ఉండి నేర్చుకోలేదా?' నేర్చుకున్నారు. పైపులో వైరు లాగడం, లగ్గు బిగించడం, డిస్ట్రిబ్యూషన్ బోర్డు కూర్చోబెట్టడం చూసే నేర్చుకోవాలి. కొత్త వైద్యుడి కంటే పాత రోగి మేలన్న సామెత మాత్రం కరెంటు పనికి పనికిరాదు. వంద ఏసీలు బిగించిన హెల్పరుకు, నూట ఒకటో దాని సరఫరా వేరే పద్ధతిలో ఎందుకుందో తెలియకపోతే ఆ వంద ఏసీల అనుభవం అతన్ని కాపాడదు. ఇంకో చిక్కు కాగితంది. పని అనుమతిలో ఉన్న వృత్తి కాక వేరే పని చేయించడాన్ని సౌదీ కార్మిక చట్టం ఒప్పుకోదు. ఇఖామాలో, అంటే నివాస అనుమతి కార్డులో, హెల్పర్ అని ఉన్నవాడు పదేళ్ళు కరెంటు పని చేసినా లెక్కల్లో పదేళ్ళ హెల్పరే, జీతమూ దానికి తగ్గట్టే. 2021లో మొదలైన నైపుణ్య పరీక్షను భారతీయులకు ముందుగా వర్తింపజేసిన ఐదు వృత్తుల్లో ఎలక్ట్రీషియన్ ఒకటి. అందులో రాత పరీక్ష, చేతిపని పరీక్ష రెండూ ఉంటాయి. 2025లో విదేశీయుల పని అనుమతులను ఉన్నత నైపుణ్యం, నైపుణ్యం, ప్రాథమికం అని మూడు తరగతులు చేశారు. పరీక్ష గట్టెక్కినవాడికీ గట్టెక్కనివాడికీ మధ్య గోడ ఎత్తు పెరుగుతోంది.

రెండో మాట వయసు గురించి. పూర్తిగా రావాలంటే సొంతూరికి తిరిగొచ్చి ఐటీఐలో (పారిశ్రామిక శిక్షణ సంస్థలో) చదవాలి. అందులో చేరడానికి 14 ఏళ్ళు నిండాలి గానీ పై వయసు పరిమితి లేదు. ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్ళు, పదో తరగతి పాసై ఉండాలి. పదో తరగతి లేకనే గల్ఫ్ బాట పట్టినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకు ఎనిమిదితో చేరే వైర్‌మన్ కోర్సు ఉంది, ఓపెన్ స్కూల్లో పది కట్టే దారీ ఉంది. నలభై దాటాక చత్వారం వస్తుంది, అద్దాలతో పోతుంది. రంగులు పోల్చలేకపోవడం మాత్రం అద్దాలతో పోదు, అందుకే ఫీజు కట్టేముందే కంటి పరీక్ష చేయించుకోవాలి. నిచ్చెన ఎక్కలేని మోకాళ్ళున్నవాడు కూడా ముందే ఆలోచించుకోవాలి. మిగిలినవారి విషయంలో వయసు అడ్డు కాదు, అదనపు అర్హత. జీతం కోసం ప్రమాదాన్ని లెక్కచేయని ఇరవై ఏళ్ళ దుడుకు ఈ పనికి పనికిరాదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం డబ్బు. రెండేళ్ళు ఇంటి దగ్గర చదివితే ఇంటి ఖర్చుకు డబ్బు ఎవరిస్తారు? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యలేం, కాకపోతే ఉద్యోగం ఎప్పుడు మానేయాలన్నది తెలిస్తే నష్టం తగ్గుతుంది. సౌదీ చట్టం ప్రకారం సర్వీసు ముగింపు సొమ్ము మొదటి ఐదేళ్ళకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం. తనంతట తాను రాజీనామా చేస్తే రెండేళ్ళలోపు ఏమీ రాదు, ఐదేళ్ళలోపు మూడో వంతు, పదేళ్ళలోపు మూడింట రెండు వంతులు, పదేళ్ళు నిండితే మొత్తం. నెల జీతం 1500 రియాళ్ళు అనుకుందాం. తొమ్మిదేళ్ళకు రాజీనామా చేస్తే 6500 రియాళ్ళు వస్తాయి, పదేళ్ళు నిండాక చేస్తే 11,250. ఒక్క ఏడాది ఓపిక 4750 రియాళ్ళు, అంటే మూడు నెలల జీతానికి మించి. ఒప్పందం గడువు ముగిసి బయటికొస్తే రాజీనామా కోత అసలే ఉండదు. చదువు రెండేళ్ళకు తొలి పెట్టుబడి ఈ సొమ్మే. క్యాంపులో ఎవరో అన్నారని ఆవేశంగా రాజీనామా చేసేవాడు తన ఫీజును తానే పారేసుకున్నట్టు.

తిరిగొచ్చి ఇంటి దగ్గరే ఉండిపోవాలనుకున్నా పూర్తి చదువు వృథా కాదు. కోటి ఇళ్ళ పైకప్పుల మీద సౌర పలకలు పెట్టాలని కేంద్రం 2024లో పీఎం సూర్యఘర్ పథకం పెట్టింది, దానికి డీసీ తెలిసిన చేతులు కావాలి. గల్ఫ్‌లో నేర్చిన చాలా పనులు గల్ఫ్‌తోనే ఆగిపోతాయి, ఇది మాత్రం సొంతూరికి వెంట వస్తుంది. నలభై ఏళ్ళ మనిషికి అరవై దాకా ఇరవై ఏళ్ళున్నాయి, చదువు అడిగేది అందులో పదో వంతు. కంటి పరీక్ష, చేరే కోర్సు, సర్వీసు సొమ్ము అందే తేదీ, ఆ రెండేళ్ళు ఇంటి ఖర్చు నడిచే దారి: ఈ నాలుగింటికీ జవాబు కాగితం మీద రాసుకోగలిగినవాడు బయల్దేరవచ్చు. రాసుకోలేనివాడు ఇప్పుడున్న పనిలోనే కొనసాగితే తప్పేమీ లేదు. అతను చేయకూడనిదల్లా నన్ను జేబులో పెట్టుకుని బోర్డు మూత తెరవడమే.