377 దండకం

ఐపీసీ 377వ సెక్షనూ, నీ నిలకడకు దండం. 1860లో తెల్లదొరలు స్వలింగ సంపర్కం నేరమంటూ నిన్ను రాసిపెట్టారు. వాళ్ల జెండా దిగింది, నువ్వు దిగలేదు. 1967లో ఇంగ్లండే తన చట్టాన్ని సడలించుకుంది, నువ్వు సడలలేదు.

ఎయిడ్స్ కాలంలో నీ చురుకుదనానికి మరో దండం. ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం 2004లో గాని మొదలు కాలేదు. అంతదాకా పేదవాడికి దిక్కు కండోమూ, నిజం చెప్పే మనిషీ. 2001 జులైలో లక్నోలో భరోసా ట్రస్టు, నాజ్ ఫౌండేషన్ ఇంటర్నేషనల్ కార్యకర్తలు ఆ రెండూ అందించే పనిలోనే ఉన్నారు. పోలీసులు నీ పేరు చెప్పి నలుగురిని పట్టుకెళ్లారు. 47 రోజులు జైల్లో ఉంచారు. ఆరోగ్య ప్రచార సామగ్రిని అశ్లీలమన్నారు. రోగాన్ని పట్టుకోలేని రాజ్యం చేత, రోగాన్ని ఆపేవాళ్లను పట్టించిన శక్తి నీది.

నీ మహిమ అక్కడితో ఆగలేదు. ఢిల్లీ హైకోర్టులో నీ మీద వేసిన కేసులో ఒకే ప్రభుత్వం చేత రెండు మాటలు చెప్పించావు. నువ్వుంటే జనం భయపడి చాటుకు పోతారు, వాళ్లకు వైద్యం అందించలేమని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మొరపెట్టుకుంది. నువ్వు ఉండి తీరాలని హోంశాఖ వాదించింది.

అన్నిటికన్నా గొప్పది నీ గురుత్వం. దాక్కున్నవాళ్లకు వీధిలో నిలబడడం నేర్పావు. 1992 ఆగస్టు 11న ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధి ఆందోళన్ అనే సంఘం వాళ్లు ఢిల్లీ పోలీసు ప్రధాన కార్యాలయం ముందే పోలీసుల వేధింపులను నిలదీశారు. తీహార్ జైల్లో ఖైదీలకు కండోములివ్వం అని అధికారులు అన్నందుకు 1994లో వాళ్లే నీ మీద కోర్టుకెక్కారు. 2001లో నాజ్ ఫౌండేషన్ ఇండియా వేసిన పిటిషన్ 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టులో గెలిచింది. 2013లో సుప్రీంకోర్టు నిన్ను మళ్లీ నిలబెట్టింది. అయినా నీ శిష్యులు వెనక్కి తగ్గలేదు. 2018 సెప్టెంబరు 6న అదే కోర్టులో అయిదుగురు న్యాయమూర్తులు ఇష్టపడి కలిసిన పెద్దల జోలికి నిన్ను రానివ్వం అన్నారు.

నేర్పిన చదువుకు నువ్వు తీసుకున్న గురుదక్షిణ మాత్రం ప్రాణాలు. ఆస్పత్రికి పోతే పేరు బయటపడుతుందని, పోలీసుకు తెలుస్తుందని భయపడి రోగంతోనే ఉండిపోయినవాళ్ల ప్రాణాలు. ఆ ఘనతలో నిన్ను కాపాడుకొచ్చిన ప్రతి ప్రభుత్వానికీ వాటా ఉంది.

రేపు మరో మహమ్మారి వస్తే పాలకులు నిన్నే తలచుకోవాలి. రోగి గడపకు డాక్టరు కన్నా ముందు పోలీసును పంపితే ఏమవుతుందో నీకన్నా బాగా నేర్పినవాళ్లు ఈ దేశంలో లేరు.