రిసీవర్ పక్కన పెడితేనే నెట్టు

టెలిఫోన్ తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండుకు ఆధారం రెండు రాగి తీగలు. అవి మాట కోసం వేసినవి. మనిషి గొంతుకు 4 కిలోహెర్ట్జ్ లోపు చోటు చాలు. రాగి అంతకు కొన్ని వందల రెట్లు మోయగలదు. ఊరికే పడి ఉన్న ఆ పై చోటును వాడుకోవడమే ఏడీఎస్ఎల్ పద్ధతి. 25 నుంచి 138 కిలోహెర్ట్జ్ దాకా ఇంట్లోంచి బయటికి పోయే సమాచారానికి, అక్కణ్నుంచి 1104 దాకా బయటి నుంచి ఇంట్లోకి వచ్చేదానికి కేటాయించారు. 1980ల చివర అమెరికాలో బెల్‌కోర్ సంస్థ ఇంజనీరు జోసెఫ్ లెక్‌లైడర్ ఈ హెచ్చుతగ్గుల వాటాను సూచించాడు. రెండు వైపులా సమానంగా పంచితే పక్క తీగల సందడికి అందరూ నష్టపోతారని, వచ్చేదానికి ఎక్కువ ఇచ్చి పోయేదానికి తక్కువ ఇస్తే అదే తీగ మరింత మోస్తుందని ఆయన లెక్క. ఇచ్చేది తక్కువ, తెచ్చుకునేది ఎక్కువ ఉండాలన్న సంగతి మగపెళ్లివారికి అంతకు చాలా ముందే తెలుసు గాని, వాళ్లు పేటెంటు తీసుకోలేదు.

మన దేశంలో 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, అప్పట్లో అది బ్రాడ్‌బ్యాండే. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో ఈ సేవ మొదలుపెట్టింది. ఆ తర్వాత ఈ కనీస వేగాన్ని 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెంచారు. ఈ మధ్యలో ఊళ్ల హద్దులూ మారాయి; తెలంగాణలో అంతదాకా నల్లగొండ జిల్లాలో ఉన్న రామన్నపేట 2016 అక్టోబరులో యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినంత తేలిగ్గా తీగ మారదు. నిర్వచనం పెరిగిన కొద్దీ, అంతకు ముందు రోజు దాకా బ్రాడ్‌బ్యాండు ఉందనుకున్న ఇళ్లలో కొన్నిటికి అది లేకుండా పోయింది. నెట్టు మాత్రం ఎప్పటిలాగే వస్తూ పోతూ ఉంది.

నెట్టు ఆగితే ఇంట్లో అందరి చూపూ మోడెం మీద పడుతుంది. దానికి కారణం ఒకటే: చేతికి అందేదీ, స్విచ్చు ఉన్నదీ అదొక్కటే. దాన్ని ఆపి మళ్లీ వేస్తారు, నెత్తిన తడతారు, ఎండాకాలమైతే ఫ్యానుకింద పెడతారు, కొందరిళ్లలో పెద్దమనిషి దాని మీద గుడ్డ కప్పి దుమ్ము పడకుండా కాపాడి ఊపిరాడకుండా చేస్తాడు. నిజానికి ఈ తరహా బ్రాడ్‌బ్యాండులో తప్పులు ఎక్కువగా ఉండేది మోడెం వెనక గోడ దగ్గర మొదలై ఎక్స్‌చేంజి దాకా సాగే తీగలో, అందులోనూ తీగను తీగతో కలిపిన అతుకుల్లో. కాబట్టి వెతకడం లోపలి నుంచి బయటికి సాగాలి. ఆచారం మాత్రం వేరు. ముందు కేంద్ర ప్రభుత్వాన్ని, తర్వాత టెలిఫోన్ శాఖను, ఆ తర్వాత పక్కింటివాళ్లను అనుమానించి, చివరికి గోడకున్న పెట్టె మూత విప్పడం.

వెతకబోయే ముందు జబ్బేదో తేల్చుకోవాలి. నెమ్మదిగా రావడం వేరు, నిలకడగా రాకపోవడం వేరు. ఫిర్యాదు చేసేటప్పుడు రెండిటినీ కలిపి "నెట్టు సక్కగ లేదు" అంటారు. వైద్యుడి దగ్గరికి పోయి "పానం బాగలేదు" అన్నంత వివరం అందులో ఉంది.

నెమ్మదితనంలో సగం లెక్క తప్పు. కంపెనీ బిట్లలో చెబుతుంది, కంప్యూటరు బైట్లలో చూపిస్తుంది. బైటుకు ఎనిమిది బిట్లు. 512 కిలోబిట్ల లైనులో సెకనుకు 64 కిలోబైట్లు కనబడితే అది మోసం కాదు, భాగహారం. ఒకప్పుడు కొన్ని ప్లాన్లలో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 దాకా ఎంత దించుకున్నా లెక్క ఉండేది కాదు. దాంతో డిగ్రీ చదివే కుర్రాళ్లు అలారం పెట్టుకుని లేచేవారు. పరీక్షలకు చదువుతున్నాడని ఇంట్లోవాళ్లు మురిసిపోయి చాయ పెట్టిచ్చేవారు. ప్లాను ఏది చెప్పినా లైనులో మిగిలింది 256 కిలోబిట్లే అయితే, 700 మెగాబైట్ల సినిమా దిగడానికి 6 గంటల 13 నిమిషాలు పడుతుంది. ఉచితం 6 గంటలే. కొసరు 13 నిమిషాలు, అంటే సరిగ్గా క్లైమాక్సు, డబ్బు లెక్కలోకి వచ్చేది.

మిగతా సగం దూరం. రాగి తీగ మీద పై పౌనఃపున్యాలు పోను పోను నీరసిస్తాయి. తీగ మందాన్ని బట్టి కిలోమీటరుకు సుమారు 13, 14 డెసిబెల్లు తరుగుతుందని అంచనా. ఎక్స్‌చేంజి పక్కింటికి 8 మెగాబిట్లు అందితే నాలుగైదు కిలోమీటర్ల అవతల నిలబడేది అందులో కొసరే. పైగా దూరమంటే కాలిబాట దూరం కాదు. కేబులు ఎక్స్‌చేంజి నుంచి పిల్లరుకు, పిల్లరు నుంచి ఇళ్లకు జతలు పంచే డీపీ పెట్టెకు, అక్కణ్నుంచి డ్రాప్ వైరు మీద ఇంటికి వస్తుంది. డాబా ఎక్కితే ఎక్స్‌చేంజి టవరు కనిపించే ఇంటికి కూడా అది ఊరంతా చుట్టి, స్టేషన్ రోడ్డు చూసి, తీరిగ్గా రావచ్చు.

మోడెం ఈ వెడల్పునంతా 4.3 కిలోహెర్ట్జ్ చొప్పున 256 చిన్న దారులుగా కోసుకుంటుంది. ఏ దారి శుభ్రంగా ఉందో పరీక్షించి, బాగున్నదాని మీద ఎక్కువ, బాగాలేనిదాని మీద తక్కువ బరువు వేస్తుంది. ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రం మీడియం వేవ్ ప్రసారం 738 కిలోహెర్ట్జ్. అది సరిగ్గా ఈ దారుల మధ్యలో పడుతుంది. స్తంభాల మీద వేలాడే పొడుగాటి డ్రాప్ వైరు ఏరియల్‌గా పనిచేస్తే, ఆ చుట్టుపక్కల దారుల్లో మోడెం బరువు దించుకోక తప్పదు. వ్యవసాయదారుల కార్యక్రమం ఈ విధంగా, అడగకుండానే, ఇంటర్నెట్టు వాడే ఇంటికి కూడా చేరుతుంది.

నిలకడలేమి సంగతికి వస్తే, మోడెం మీది లైట్లు ఎవరూ నమ్మరు గాని నిజం చెప్పేవి అవే. డీఎస్ఎల్ లైటు ఆగకుండా మిణుకుతుంటే మోడెముకు ఎక్స్‌చేంజితో మాట కలవడం లేదు, తప్పు తీగలో. డీఎస్ఎల్ నిలకడగా వెలిగి ఇంటర్నెట్ లైటు వెలగకపోతే తీగ బాగున్నట్టే. యూజర్ నేమో, పాస్‌వర్డో, కట్టని బిల్లో చూసుకోవాలి. రెండూ వెలుగుతూ ఫేస్‌బుక్ తెరుచుకోకపోతే కంప్యూటరును చూడాలి. ఏ లైటూ వెలగకపోతే ప్లగ్గు. ఈ చివరిదాన్ని అందరికంటే ఆలస్యంగా చూస్తారు.

ఇంకొంచెం లోతుకు పోదలిస్తే బ్రౌజరులో 192.168.1.1 కొట్టాలి. ఆ పేజీలో రెండు అంకెలు చాలు. లైన్ అటెన్యుయేషన్, అంటే దారిలో తరుగు, 20కి లోపుంటే ఎక్స్‌చేంజి దగ్గర్లో ఉన్నట్టు, 60 దాటితే ఆశ వదులుకోవచ్చు. ఎస్ఎన్ఆర్ మార్జిన్, అంటే సందడి మీద సంకేతానికి మిగిలిన పైచేయి, 10 పైన ఉంటే లైను సుఖంగా ఉంది. 6 కిందికి దిగితే నెట్టు ఏ క్షణమైనా తెగుతుంది. మిగతా అంకెలు మార్చకపోవడం మంచిది. వీపీఐ 0, వీసీఐ 35 అని ఉన్నచోట "ఎందుకో జూద్దాం" అని 8, 35 పెట్టిన మేనల్లుడు ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు. అతను హైదరాబాదులో కోర్సు చేసి వచ్చి ఉంటాడు కాబట్టి ఎవరూ అనుమానించరు.

ఇంట్లో ఎక్కువ అల్లరి చేసేది స్ప్లిట్టరు. అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్దది. మూడు రంధ్రాలు, ఒకటి లైనుకు, ఒకటి ఫోనుకు, ఒకటి మోడెముకు. మాటనూ నెట్టునూ విడదీయడమే దాని ఉద్యోగం. ఫోను రంధ్రంలో మోడెం పిన్ను గుచ్చితే మాట బాగుంటుంది, నెట్టు రాదు. స్ప్లిట్టరుకు ముందే తీగ చీల్చి లోపలి గదికి పేరలల్ ఫోను లాగి ఉంటే మరీ ముచ్చట. రింగు వచ్చినప్పుడు లైనులోకి సుమారు 75 వోల్టులు వస్తాయి. ఫిల్టరు లేని ఆ ఫోను మోగిన ప్రతిసారీ నెట్టు తెగుతుంది. అమెరికా నుంచి కొడుకు వీడియో కాల్ చేస్తున్నప్పుడు వరంగల్ నుంచి బిడ్డ ల్యాండ్‌లైనుకు చేస్తే కొడుకు మాయమవుతాడు. "నీ బిడ్డ ఫోన్ జేస్తెనే గిట్లయితది" అని కోడలు అత్తతో అన్న మాట ఇంజనీరింగు దృష్టిలో అక్షరాలా సరైనది.

దీనికి తిరగబడిన జబ్బు ఇంకొకటి ఉంది. ఫోను పెట్టేసి ఉంటే నెట్టు రాదు, రిసీవరు ఎత్తగానే వస్తుంది. ఇది మాయ కాదు. అతుకులో రాగికి చిలుము పడితే, ఏడీఎస్ఎల్ పంపే సన్నటి సంకేతం దాన్ని దాటలేదు. రిసీవరు ఎత్తినప్పుడు ఎక్స్‌చేంజి నుంచి నేరు కరెంటు ప్రవహించి ఆ పొరను పొడిచి దారి చేస్తుంది. ఈ సంగతి కనిపెట్టిన ఇంట్లో టేబుల్ మీద రిసీవరును వెల్లకిలా పడుకోబెట్టి, అది పెట్టే కీచుకీచు వినపడకుండా దిండు కప్పి ఉంచుతారు. నెట్టు నడుస్తుంది. ఫోను చేసినవాళ్లకు మాత్రం ఎప్పుడూ ఎంగేజే. "మీ ఇంట్ల ఎవరో ఒగలు పొద్దంత మాట్లాడుతనే ఉంటరు" అన్న అపవాదు ఒకటి మిగులుతుంది. దిండు వైద్యం కొంతకాలమే. చిలుము పొరకు చికిత్స అతుకు విప్పి, తీగను మెరిసేదాకా గీకి, మళ్లీ కలపడం.

అతుకును మొదట గోడకున్న రోజెట్టు పెట్టెలోనే వెతకాలి. మూత విప్పితే ఆకుపచ్చగా మారిన మరలు, చీమల బారు, ఒక్కోసారి బల్లి. అక్కడ బాగుంటే వీధిలోకి. రామన్నపేట మండలంలో సిరిపురం, వెల్లంకి చేనేత ఊళ్లు; మగ్గం మీద పోగు తెగితే నేతగాడు రెండు కొసలను వేళ్ల మధ్య నలిపి, అతికినట్టు తెలియకుండా చేస్తాడు. లైన్‌మన్ స్తంభం మీద చేసేదీ ఆ పనే. తేడా ఏమిటంటే చీర మీద వాన పడదు. టేపు చుట్టని అతుకు మొదటి తొలకరికే లైనులోకి గరగరను దింపుతుంది. జెల్లీ నింపిన భూగర్భ కేబులు నీటిని ఆపుతుంది గాని గడ్డపారను ఆపదు. 2015 జూన్‌లో దగ్గర్లోని చౌటుప్పల్‌లో తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్ వెలిసింది. తాగునీటి గొట్టాలకు తవ్వే గోతుల్లోనే ఫైబరు డక్టు కూడా వేయాలన్నది రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్టు పథకం టీ-ఫైబర్ ఆలోచన. ఆలోచన మెచ్చుకోదగ్గది. గోతి తవ్వే జేసీబీకి మాత్రం రేపటి ఫైబరు గురించి చెప్పి ఉంటారు గాని, నిన్నటి రాగి గురించి చెప్పే మనిషి అక్కడ ఉండడు.

లైను పరీక్షకు చవకైన పనిముట్టు తీగ ఉన్న పాత ఫోను. స్ప్లిట్టరు తీసేసి నేరుగా రోజెట్టుకు తగిలించి, ఒక అంకె నొక్కి డయల్ టోను ఆపి, ఊపిరి బిగబట్టి వినాలి. నిశ్శబ్దంగా ఉంటే రాగి మంచిదే. పల్లీలు వేయించినట్టు వినబడితే తప్పు బయట ఉంది. ఫిర్యాదు ఇవ్వడంలో కూడా ఈ గరగరే పనికొస్తుంది.

"అన్నా, నెట్టు వస్తలేదు."

"ఫోన్ మోగుతున్నదా?"

"మోగుతున్నది."

"మరి లైను మంచిగనే ఉన్నది. మోడెం ఆఫ్ జేసి ఆన్ జెయ్యి."

"మాట్లాడితే గరగర అంటున్నదన్నా."

"గట్ల జెప్పు! జాయింటు వొయ్యింది. పొద్దుగూకేలోపల వస్త."

నెట్టు నెమ్మది అన్నది అభిప్రాయం. గరగర అన్నది ఫాల్టు. ఈ తేడా తెలిసిన ఇంటికి లైన్‌మన్ ముందు వస్తాడు. ఏ డీపీలో ఏ జత ఎవరింటికి పోతుందో రికార్డుకంటే అతనికే బాగా తెలుసు. 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్‌లో 78,569 మంది ఒకేసారి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. అట్లా ఎన్నో ఊళ్ల తీగల పటాలు పింఛను పుస్తకాలతో పాటు ఇళ్లకు వెళ్లిపోయాయి. ఆ తర్వాత చాలాచోట్ల రాగిని బాగుచేయడంకంటే ఫైబరు లాగడమే తేలికైంది.

ఫైబరుకు చిలుము పట్టదు, రేడియో వినిపించదు, దూరం బాధ లేదు. మరీ మడిస్తే మాత్రం వెలుతురు కారిపోతుంది. అప్పుడు పెట్టె మీద ఎల్ఓఎస్ అనే ఎర్రలైటు వెలుగుతుంది. ఫోను కూడా ఆ పెట్టె వెనకే తగులుతుంది కాబట్టి కరెంటు పోతే రెండూ పోతాయి. రాగి కాలంలో అట్లా కాదు. ఫోనుకు 48 వోల్టులు ఎక్స్‌చేంజి బ్యాటరీల నుంచి వచ్చేవి. ఊరంతా చీకటైనా ల్యాండ్‌లైను పలికేది. అందువల్ల కరెంటు పోయి మోడెం ఆగినప్పుడు, అదే తీగ మీద 198కి ఫోను చేసి, నెట్టు రావడం లేదని చీకట్లోంచి ఫిర్యాదు ఇచ్చే వీలుండేది. ఇచ్చేవారు కూడా.