మా రోజుల్లో జేబుకు అడుగుండేది

మా రోజుల్లో ఊరికి పోవాలంటే ముందు పైసలు విడగొట్టేవాళ్లం. తిరుగు టికెట్టు డబ్బులు బనీను లోపలి జేబులో, పెద్ద నోట్లు ఇంట్లో ఆడవాళ్ల కొంగున ముడిలో, చేతి ఖర్చు చొక్కా జేబులో. చొక్కా జేబు ఖాళీ అయితే ఖర్చు అక్కడితో బంద్. బనీను జేబులో చెయ్యి పెట్టడమంటే ఇంటికి రాలేకపోవడమని పదేళ్ల పిల్లవాడికి కూడా తెలుసు. ఇవాళ ఉప్పల్ మెట్రో మెట్లెక్కే పిల్లలకు ఈ లెక్కే లేదు. రైలు టికెట్టు, లాడ్జి, బిర్యానీ, చివరికి పేకాట బల్ల మీద పెట్టే పందెం కూడా ఒకే ప్లాస్టిక్ ముక్కలోంచి పోతుంది. "పైసలు ఎంత తీసుకపోతున్నవ్ బిడ్డా?" అని మా గల్లీ పిల్లవాణ్ణి అడిగితే, "కార్డున్నది గదా కాకా" అంటాడు. నేనడిగింది ఎంత అని. వాడు చెప్పింది దేనితో అని.

నాచారం ఫ్యాక్టరీల్లో జీతం కవర్లో పెట్టి చేతికిచ్చిన కాలం నాకు తెలుసు. జీతాల రోజు సాయంత్రం పత్తాలాట సాగేది, కాదనను. పదమూడు ముక్కల రమ్మీ, పాయింటుకు ఇన్ని పైసలని ముందే మాట. ముక్కలు బాగాలేకపోతే మొదట్లోనే డ్రాప్ అని ఇరవై పాయింట్లు ఇచ్చుకుని పక్కకు జరిగేవాళ్లు. ఆట తెలిసినవాడి గుర్తే అది, పడెయ్యడం తెలియడం. కవరు ఇంట్లో ఇచ్చి వచ్చినవాడే కూర్చోవాలన్నది పెద్దమనుషుల కట్టుబాటు. దాన్ని తప్పినవాళ్లూ ఉన్నారు, వాళ్ల ఇళ్లు గుల్లయ్యాయి. అందుకే ఆ ఆట మంచిదని చెప్పడానికి నాకు నోరు రాదు. కానీ అప్పు కావాలంటే ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూసి అడగాలి. అతనికి నీ జీతమెంతో తెలుసు, నీ తండ్రి తెలుసు, "ఇగ చాలు, లే" అనే హక్కూ ఉంది. ప్లాటు అమ్మి ఆడాలంటే నెలలు పట్టేది, ఈలోగా బజారంతా తెలిసి ఎవరో ఒకరు అడ్డం పడేవాళ్లు. ఈ కాలంలో అర్ధరాత్రి రెండు గంటలకు మూడు లక్షల అప్పు పుడుతుంది. "లే" అనే మనిషి ఆ చుట్టుపక్కల ఉండడు.

పేకాట చట్టంలో మన ఊరికో పెద్ద చరిత్ర ఉంది. సికింద్రాబాదులో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద 1963లో పోలీసులు దాడి చేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని, మూడు ముక్కలాట మాత్రం ఒట్టి అదృష్టమేనని 1967లో తీర్పొచ్చింది. దేశమంతా క్లబ్బులవాళ్లు, ఆ తర్వాత ఆన్‌లైన్ కంపెనీలవాళ్లు దశాబ్దాల పాటు ఆ తీర్పునే పట్టుకుని వాదించారు. తెలంగాణ ప్రభుత్వం 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడితే రమ్మీ కూడా నేరమేనని తేల్చింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో ఫోన్లో డబ్బుకు ఆడే రమ్మీ, పోకర్ దేశమంతటా బంద్ అయ్యాయి. మంచిదే. అయితే ఆడాలన్న కోరిక చట్టంతో చావదు కదా, అది రైలెక్కుతుంది, విమానమెక్కుతుంది. గోవాలో మాండవి నది మీది క్యాసినో ఓడలు, గ్యాంగ్‌టాక్, కాఠ్‌మాండూ, కొలంబో. నేపాల్లో క్యాసినోలు ఉన్నాయి గానీ వాటిలోకి నేపాలీలను రానివ్వరు. సొంత ప్రజలను గడప తొక్కనివ్వని చోటికి మన పిల్లలు టికెట్టు కొనుక్కుని పోతున్నారు.

పోకర్ ఆడేవాళ్లు నాతో వాదిస్తారు, ఇది రూలెట్ లాంటిది కాదు, మనం ఆడేది క్యాసినోతో కాదు, ఎదుటివాళ్లతో అని. నిజమే. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు, ఎదుటివాడి పందెం చూసి వాడి చేతిలో ఏముందో ఊహించాలి. ఆట తెలివైనదే. కానీ పందెం కుప్పలోంచి క్యాసినోవాడు తన వంతు తీసుకుంటాడు, దాన్ని రేక్ అంటారు. బల్ల చుట్టూ ఎవరు గెలిచినా ఆ వంతు పోతూనే ఉంటుంది. జీఎస్టీ వేరే, 2025 సెప్టెంబరు 22 నుంచి క్యాసినోల మీద అది 40 శాతం. గెలిచినదాని మీద 30 శాతం ఆదాయపు పన్ను. ఇన్ని వైపుల కోత పడే చోటికి అప్పు డబ్బుతో పోవడమేమిటి?

క్రెడిట్ కార్డు మీద నాకు పగ లేదు. దాన్ని ఈ దేశంలో మొదట్లోనే తెచ్చిన బ్యాంకుల్లో మన ఆంధ్రా బ్యాంకు ఒకటి, 1981లో. ఆ రోజుల్లో కార్డు కలవాడంటే పెద్ద ఆఫీసరో వ్యాపారో. దుకాణందారు కార్డును మిషన్లో పెట్టి, కార్బన్ కాగితాలు వేసి, మీద పిడిని అటూ ఇటూ జరిపి అచ్చు తీసేవాడు. పోయిన కార్డుల నంబర్ల పుస్తకం తెరిచి వెతికేవాడు. సంతకం చూసేవాడు. బిల్లు పెద్దదైతే బ్యాంకుకు ఫోన్ చేసేవాడు. విసుగు పుట్టేది, ఆ విసుగులోనే మనిషికి మళ్లీ ఆలోచించుకునే సందు దొరికేది. ఆ సందును మూసేసి సౌకర్యమని పేరు పెట్టారు. ఇప్పుడు 5,000 రూపాయల దాకా కార్డు తాకిస్తే చాలు, పిన్ కూడా అడగదు.

న్యాయంగా చెప్పాలంటే రిజర్వు బ్యాంకు కొన్ని మంచి పనులు చేసింది. ఆన్‌లైన్ కొనుగోలుకు 2009 నుంచే రెండో తాళం పెట్టించింది, మనం ఓటీపీ అంటున్నది అదే. 2020 మార్చి నుంచి కొత్త కార్డు చేతికొచ్చేటప్పుడు దేశంలోని ఏటీఎంలలో, దుకాణం మిషన్లలో మాత్రమే పనిచేస్తుంది. విదేశీ వాడకం, ఆన్‌లైన్, తాకించడం ఇవన్నీ మనం తెరిస్తేనే తెరుచుకుంటాయి. ఒక్కోదానికి ఇంతే అని పరిమితి కూడా మనమే పెట్టుకోవచ్చు. అంటే బనీను జేబు, చొక్కా జేబు మళ్లీ మన చేతికిచ్చారు! నా కోపం ఎక్కడంటే, కార్డు వచ్చిన రోజే అన్నీ తెరిచేసి మళ్లీ ఆ వైపు చూడరు. ప్రయాణానికి ముందు రోజు పరిమితి తగ్గించి, తిరిగొచ్చాక విదేశీ వాడకం మూసేసే ఇల్లు మా హెచ్ఎంటీ నగర్ చుట్టుపక్కల ఒక్కటైనా నాకు కనపడలేదు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు గనక గట్టిగా చెబుతున్నాను. క్రెడిట్ కార్డుతో సామాను కొంటే, పాత బాకీ లేకుంటే, బిల్లు గడువు దాకా వడ్డీ ఉండదు. అదే కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ మొదలు, పైన రుసుము. ఒక్క రోజు కూడా ఉచితం లేదు. క్యాసినో కౌంటర్లో చిప్స్ కోసం గీకినా చాలా బ్యాంకులు దాన్ని నగదు కిందే లెక్కగడతాయి. ఇక బయటి దేశంలో మిషన్ మీద "రూపాయల్లో కడతారా?" అని అడిగితే మన రూపాయే కదా అని మురిసిపోయి సరే అనొద్దు. ఆ మారకపు రేటు వాళ్లిష్టం. ఆ దేశపు డబ్బులోనే కట్టాలి. హోటలు గదికి కార్డు మీద కొంత సొమ్ము ఆపిపెడతారు, గది ఖాళీ చేసేటప్పుడు అది వదిలారో లేదో అడగాలి. కార్డు తీసుకుని సర్వరు లోపలికి పోతుంటే మనమూ లేచి వెంట పోవాలి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఆటకు పోయేవాడైతే కార్డు గదిలో పెట్టె అడుగున పెట్టి తాళం వేసి, ఓడిపోయినా ఇంట్లో చెప్పుకోగలిగినంత నగదుతోనే పోవాలి. బ్యాంకు ఫోన్ నంబరు ఫోన్లోనే కాదు, కాగితం మీద రాసి వేరే సంచిలో పెట్టుకోవాలి, ఫోనూ కార్డూ పోయేటప్పుడు కలిసే పోతాయి. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి మోసంతో డబ్బు పోతే, బ్యాంకు మెసేజి వచ్చాక మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మన మీద పడదని 2017లో రిజర్వు బ్యాంకు రాసిచ్చింది. ఓటీపీ మన నోటితో మనమే చెప్పామా, బ్యాంకుకు చెప్పేదాకా పోయిందంతా మనదే. కార్డు మూయించాక సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఉప్పల్ మాల్ ముందు బల్ల వేసుకుని కార్డులంటగట్టే కుర్రాళ్లు బహుమతి సంచీల గురించి చెప్పే తీరికలో ఈ నాలుగు ముక్కలూ చెప్పాలి. సంతకం పెట్టించుకున్న చోటే, కార్డు తీసుకునే పిల్లవాడి ఫోన్లోనే పరిమితి పెట్టించి పంపాలి.