పుంజుకైతే సరే!

2022 ఏప్రిల్ 10న పద్దెనిమిదేళ్లు దాటినవారికి ప్రైవేటు ఆస్పత్రుల్లో కొవిడ్ బూస్టర్ మొదలెట్టారు. మందు 225 రూపాయలు, సూది వేసినందుకు మహా అయితే మరో 150. మా గుడివాడ బాబాయ్ తేల్చేశాడు: "డబ్బులిచ్చి మరీ జ్వరం కొనుక్కోవాలట్రా?"

సరే, జులై 15 నుంచి 75 రోజులు ఉచితమన్నారు. "ఊరికే ఇస్తున్నారంటే ఏదో మతలబు ఉంది!" రెండో డోసు తర్వాత ఉండాల్సిన తొమ్మిది నెలల ఎడాన్ని ఆరుకి తగ్గించారు. "నిన్నటి మాటకే నిలబడనోళ్లు రేపేం చెబుతారో చూద్దాం." చూస్తుండగానే సెప్టెంబరు 30 వెళ్లిపోయింది. సర్కారు ఈ బూస్టర్‌కి 'ముందుజాగ్రత్త డోసు' అని పేరెట్టింది. మనకేమో జాగ్రత్త ఎప్పుడూ వెనకే వస్తుంది.

డిసెంబరులో టీవీలో చైనా కొవిడ్ కేసులు కనపడగానే విజయవాడ బీసెంట్ రోడ్డులో మాస్కులు మళ్లీ బయటికొచ్చాయి, గడ్డాల దాకా. ముక్కులో వేసే టీకా వస్తోందన్నారు: ఎనిమిది చుక్కలు, 800 రూపాయలు. "చుక్క వందా! పైన జీఎస్టీనా!" తీర్థం కన్నా ఖరీదని బాబాయ్ బాధ.

ఈయనే సంక్రాంతి పుంజుకు కొక్కెర తెగులు టీకా ఒక్క రోజు ఆలస్యం కానివ్వడు. బాదంపప్పు మేత వేరే. "మరి నీకో?" అంటే, "బరిలో దిగేది నేనట్రా?" అన్నాడు.

భోగినాడు బరి చుట్టూ జనం, భుజాలు ఒరుసుకుంటూ. మధ్యలో బాబాయ్, దగ్గుతూ.